పాత బొమ్మల్లో మన చెరువులు, జలపాతాలు: వెతికి, చదివి, కాలం తేల్చే పద్ధతి

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఒక చెరువు గురించో, ఒక కోన గురించో చరిత్ర రాయదలచినవారు శాసనాలను, కైఫీయతులను (ఊరివారు చెప్పింది రాయించిన గ్రామ వృత్తాంతాలను), రెవెన్యూ దస్తరాలను శ్రద్ధగానే చదువుతారు. పాత చిత్రమో, పటమో, ఫోటోనో దొరికితే మాత్రం దాన్ని పేజీకి అందం కోసం పెట్టుకుంటారే తప్ప సాక్షిని అడిగినట్టు ప్రశ్నలు వేయరు. అటువంటి బొమ్మలను ఎక్కడ వెతకాలో, ఎలా చదవాలో, ఏ మేరకు నమ్మాలో ఈ వ్యాసం వరుసగా చెబుతుంది.

పనిలో దిగేముందు ఒక సూత్రం మనసులో పెట్టుకోవాలి. బొమ్మలో కనిపించే నీటిని బట్టి కాలాన్ని గాని, చెరువు బాగోగులను గాని నిర్ణయించకూడదు. తిరుపతి వైపు ముఖ్యమైన వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. కార్తీక పౌర్ణమినాడు కపిలతీర్థ ముక్కోటికి వచ్చిన భక్తుల తలల మీద హోరున పడే ధార, వేసవి నాటికి బండమీద తడిచారగా మిగలవచ్చు. ఏప్రిల్‌లో తీసిన ఫోటోను నవంబరులో తీసిన ఫోటో పక్కన పెట్టి "జలపాతం ఎండిపోయింది" అని రాసేవారు చేస్తున్నది రెండు నెలల పోలికే గాని రెండు కాలాల పోలిక కాదు. నీరు నెలనెలా మారుతుంది. బండ, కట్ట, తూము, మొరవ (చెరువు నిండాక మిగులు నీరు పొర్లిపోయే చోటు), గుడి గోపురం అంత తొందరగా మారవు. కాలాన్ని వాటితోనే తేల్చాలి.

మొదటి అడుగు: ఒకే జలాశయం, దాని పేర్లన్నీ

జిల్లా మొత్తాన్ని ఒకేసారి తలకెత్తుకోవద్దు. రాయలచెరువు, తలకోన, కపిలతీర్థం, పులికాట్ సరస్సు వంటివాటిలో ఒకదాన్ని ఎంచుకోండి. తరువాత దానికి, దాని చుట్టుపక్కల ఊళ్ళకు పాత దస్తరాల్లో ఉన్న పేర్లన్నిటినీ ఒక కాగితం మీద రాసుకోండి. ఆంగ్లేయుల రాతల్లో తిరుపతి "ట్రిపెట్టీ"గా, "త్రిపతి"గా కనిపిస్తుంది. చంద్రగిరి, కాళహస్తి, పాలమనేరు పేర్ల వర్ణక్రమం కూడా దస్తరానికొక తీరుగా ఉంటుంది. ఇప్పటి వర్ణక్రమంతో వెతికి "ఏమీ లేదు" అని లేచిపోయినవారికి, అదే గ్రంథాలయంలో పాత వర్ణక్రమంతో వెతికితే దొరికేవి ఉంటాయి.

పేర్ల పక్కనే పాలనా విభాగాల చరిత్రనూ రాసుకోవాలి. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అంతకుముందు చిత్తూరు, చంద్రగిరి, పాలమనేరు తాలూకాలు ఉత్తర ఆర్కాటు జిల్లాలోను, మదనపల్లె, వాయల్పాడు కడప జిల్లాలోను ఉండేవి. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్‌లో వచ్చింది. కాబట్టి 1880 నాటి చెరువు పటం కోసం "చిత్తూరు జిల్లా" అన్న శీర్షిక కింద వెతకడం వృథా ప్రయాస. అది ఉత్తర ఆర్కాటు కట్టలోనో, కడప కట్టలోనో ఉంటుంది.

పేరు ఒకటే అయినంత మాత్రాన చోటు ఒకటే అనుకోవడం ఇంకో ప్రమాదం. థామస్ డేనియల్, అతని సోదరుని కొడుకు విలియం డేనియల్ అన్న ఆంగ్ల చిత్రకారులు 1786లో భారతదేశానికి వచ్చి, 1790ల తొలి ఏళ్ళలో దక్షిణాదిన తిరిగి, చూసినవాటిని తరువాత లండన్‌లో ముద్రించారు. వాటిలో పాపనాశం జలపాతం చిత్రం చాలా ప్రసిద్ధం. ఆ పేరు చూడగానే తిరుమలలోని పాపవినాశనమే అనుకోవాలని మనవాళ్ళకు అనిపించడం సహజమే గాని, అది తిరునల్వేలి సీమలోని తామ్రపర్ణి జలపాతం. చిత్రం కింద ముద్రించిన శీర్షికను చివరి మాట దాకా చదివితే జిల్లా పేరు అక్కడే ఉంటుంది.

రెండవ అడుగు: ఎక్కడ వెతకాలి

చిత్రాలకు, తొలినాటి పటాలకు మెకంజీ సేకరణ మొదటి గని. కాలిన్ మెకంజీ 1815లో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయ్యాడు. కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరుల వంటి సహాయకులతో ఊరూరా కైఫీయతులు రాయించి, గుళ్ళు, కోటలు, కొండలు, చెరువులు గీయించాడు. ఆ చిత్రాల్లో ఎక్కువభాగం లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. కొన్నిటి ప్రతులు ఆన్‌లైన్‌లో చూడవచ్చు. పులికాట్ మీద పనిచేసేవారు డచ్చివారి దస్తరాలను వదలకూడదు. సరస్సు దక్షిణ కొసన ఉన్న పులికాట్ ఊళ్ళో వారు 1613లో గెల్డ్రియా కోట కట్టుకున్నారు, అందుచేత నెదర్లాండ్స్ జాతీయ దస్తరాలయంలో కోరమండల్ తీరపు పటాలు విస్తారంగా ఉన్నాయి. అయితే అవి ముఖ్యంగా ఓడలవారి అవసరానికి గీసినవని గుర్తుంచుకోవాలి. తీరం, కోట, నీటి లోతులు వారికి ముఖ్యం. సరస్సు ఉత్తర భాగం, మన సూళ్ళూరుపేట వైపు, వారికి అంత పట్టిన విషయం కాదు.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలపు ప్రభుత్వ దస్తరాలకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు దస్తరాలయానికి వెళ్ళక తప్పదు. అక్కడికి పోయినప్పుడు చెరువుల పునరుద్ధరణ పథకం దస్తరాలు అడగడం మరవవద్దు. ప్రెసిడెన్సీ ప్రభుత్వం 1883లో మొదలుపెట్టిన ఆ పథకం కింద చెరువులను ఒక్కొక్కటిగా కొలిచి, కట్ట, తూములు, మొరవ, ఆయకట్టు వివరాలు నమోదు చేశారు. నా మట్టుకు నాకు, అందమైన రంగుల చిత్రాలు పది ఇచ్చినా అటువంటి కొలతల పటం ఒకటి వదులుకోబుద్ధి కాదు.

ఇక్కడ తిరుపతిలోనే శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, ప్రాచ్య పరిశోధన సంస్థ, దేవస్థానం ప్రచురించిన శాసన సంపుటాలు ఉన్నాయి. శాసనాల్లో బొమ్మలుండవు కదా అనిపించవచ్చు. కానీ విజయనగర కాలంలో స్వామికి సమర్పించిన ధనంతో దేవస్థానం గ్రామాల్లో చెరువులు, కాలువలు తవ్వించి, పెరిగిన రాబడితో నైవేద్యాలు జరిపించిన వైనం ఆ శాసనాల్లో వివరంగా ఉంది. పటంలో కనిపించిన చెరువు ఎంత పాతదో సరిచూసుకోవడానికి అదే తొలి ఆసరా.

అన్నిటికన్నా దగ్గరి గనిని చాలామంది మరిచిపోతారు. అది ఇళ్ళల్లోని ఆల్బం. కపిలతీర్థం మెట్ల మీద, తలకోన బండల మీద, కోనేటి గట్టున తీయించుకున్న కుటుంబ ఫోటోలు ఈ ప్రాంతంలో లెక్కలేనన్ని ఉంటాయి. తీయించుకున్నవారికి మనుషులు ముఖ్యం. మనకు వారి వెనక ఉన్న రాతికట్టడం ముఖ్యం.

మూడవ అడుగు: చేతి చిత్రాన్ని చదవడం

మొదట ఆ చిత్రం ఏ సంప్రదాయానికి చెందిందో చూడాలి. శ్రీకాళహస్తి కలంకారీలో నీరు ఒక సంకేతం: అలల గీతలు, వాటి మధ్య చేపలు, తామరలు. అది సువర్ణముఖా, గంగా అన్నది కథను బట్టి తెలియాలే గాని నీటిని బట్టి తెలియదు. అటువంటి చిత్రం నుంచి ఆనాటివారు నీటిని ఎలా భావించారో చెప్పవచ్చు గాని, ఏ చెరువు ఎంత వెడల్పుందో చెప్పరాదు.

యూరోపియన్ చిత్రకారులది ఇంకో రకం ఇబ్బంది. వాళ్ళ చిత్రం చూడటానికి ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. కానీ ఆ కాలపు వారి అభిరుచి ప్రకారం ముందుభాగంలో ఒక పెద్ద చెట్టు, పక్కన విరిగిన రాతిమండపం, జలపాతం ఎంత పెద్దదో తెలియడానికి దాని పాదం దగ్గర చిన్నచిన్న మనుషులు ఉండాలి. అక్కడ చెట్టు లేకపోతే గీసేవారు. మనుషులను కాస్త చిన్నగా గీస్తే చాలు, జలపాతం ఇంకా ఎత్తుగా కనిపిస్తుంది. తలకోన ధార సుమారు 270 అడుగులని మనకు తెలుసు. అటువంటి తెలిసిన ఎత్తును కొలబద్దగా పెట్టుకుని, చిత్రంలోని మనిషి ఎత్తుతో ధార ఎత్తును భాగిస్తే చిత్రకారుడు ఎంత సాగదీశాడో లెక్క తేలుతుంది.

మూడవ సంగతి తేదీ. అచ్చు చిత్రం కింద ఉన్న సంవత్సరం సాధారణంగా ముద్రించిన సంవత్సరమే. డేనియల్ ద్వయం దక్షిణాదిన గీసుకున్న చిత్రాలు కొన్ని అచ్చులోకి రావడానికి పదేళ్ళకు పైగా పట్టింది. చూసిన ఏడు, అచ్చయిన ఏడు వేరువేరు గడుల్లో రాసుకోండి.

నాలుగవ అడుగు: పటాన్ని చదవడం

పటాలే ఈ పనికి వెన్నెముక గనుక ఇక్కడ తొందరపడకూడదు. తొలి కాలపు దారి పటాల్లో సర్వే చేసినవాడు నడిచిన బాటకు రెండు పక్కలా కనిపించిన చెరువులే ఉంటాయి. పటంలో చెరువు లేదంటే ఆ కాలంలో చెరువే లేదని అర్థం కాదు. ఆ మనిషి అటు పోలేదని అర్థం కావచ్చు. విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర మొదలుపెట్టిన త్రికోణమితి సర్వే కొండ శిఖరాల స్థానాలను ఖచ్చితంగా స్థిరపరిచింది. ఆ చట్రాన్ని ఆధారం చేసుకున్న పటాల్లో కొండకు, చెరువుకు మధ్య దూరాన్ని అంతకుముందు పటాలకన్నా ఎక్కువగా నమ్మవచ్చు.

సర్వే ఆఫ్ ఇండియా టోపో షీట్లకు, అంటే కొండలు, వాగులు, చెరువులు, ఊళ్ళు చూపే పటాలకు, ఒక సంఖ్యా క్రమం ఉంది. తిరుపతి పట్టణం 57 ఓ/6లో, చిత్తూరు పట్టణం 57 ఓ/4లో, తలకోన 57 ఓ/1లో వస్తాయి. పాత షీట్లు మైలుకు అంగుళం కొలతలో, తరువాతివి 1:50,000 కొలతలో ఉంటాయి. షీటు చేతికి రాగానే మధ్యలో చెరువును వెతకకుండా ముందు అంచులు చదవండి. సర్వే చేసిన సంవత్సరం, సవరించిన సంవత్సరం, అచ్చు వేసిన సంవత్సరం వేరువేరుగా ఉంటాయి. మీ సాక్ష్యానికి పనికివచ్చేది మొదటిది. తరువాత సంకేతాల పట్టిక చూడాలి. నిండుగా నీలం పూసిన చెరువుకు, గీతతో మాత్రమే చూపిన చెరువుకు తేడా ఉంది: ఏడాది పొడవునా నీరుండేది ఒకటి, ఎండేది ఇంకొకటి. కట్ట పక్కన చిన్న అంకె, దాని వెంట "ఆర్" అన్న ఆంగ్లాక్షరం ఉంటే అది చుట్టూ ఉన్న నేలనుంచి కట్ట ఎత్తు. రెండు కాలాల షీట్లలో ఆ అంకెను పోల్చేటప్పుడు పాతది అడుగుల్లో, కొత్తది మీటర్లలో ఉందేమో చూసుకోవాలి.

కొలతలో ఒక హద్దు ఉంది. మైలుకు అంగుళం పటంలో ఒక మిల్లీమీటరు నేల మీద 63 మీటర్లకు సమానం. పెన్సిల్ గీత మందమే ముప్పై మీటర్లు మింగేస్తుంది. అటువంటి పటం చూపించి "చెరువు ఇరవై మీటర్లు ఆక్రమణకు గురైంది" అని వాదించడం నిలవదు. ఆ వాదనకు గ్రామ పటం కావాలి. మద్రాసు ప్రెసిడెన్సీ కాలపు గ్రామ పటాలు సాధారణంగా మైలుకు 16 అంగుళాల కొలతలో ఉంటాయి. వాటిలో ఒక మిల్లీమీటరు నాలుగు మీటర్లే. దానికి తోడు ఒక్కొక్క సర్వే నంబరుకు ఎఫ్.ఎం.బి. (ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్, అంటే పొలం కొలతల పుస్తకం) స్కెచ్ ఉంటుంది. పాత స్కెచ్‌లో కొలతలు గొలుసుల్లో, లింకుల్లో ఉంటే కంగారుపడనక్కరలేదు. ఒక గొలుసు 66 అడుగులు, అందులో నూరు లింకులు, అంటే ఒక లింకు సుమారు 20 సెంటీమీటర్లు. సర్వే నంబరువారీగా భూమి వివరాలుండే రెవెన్యూ రిజిస్టరు ఆర్.ఎస్.ఆర్.లో ఆ నంబరు చెరువు పోరంబోకుగా ఉందో లేదో, విస్తీర్ణం ఎంతో చూసి, ఎఫ్.ఎం.బి.తో సరిపోల్చుకుంటే చెరువు హద్దు అక్షరాలా గజాల్లో తేలుతుంది.

అయిదవ అడుగు: ఫోటోను చదవడం

ఫోటో అబద్ధం చెప్పదని నానుడి. అది ఏం చెప్పగలదో, ఏం చెప్పలేదో తెలియాలంటే తీసిన విధానం తెలియాలి. 1851 తరువాత వ్యాపించిన తడి కొలోడియన్ పద్ధతిలో గాజు పలకకు మందు పూసి, అది ఆరకముందే ఫోటో తీసి, అక్కడే చీకటి గుడారంలో కడగాలి. ఒక్కో ఫోటోకు కొన్ని సెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు కెమెరా తెరిచి ఉంచేవారు. అందువల్ల పారే నీరు తెల్లని దూదిపొరలా పడుతుంది. ధార అంత దట్టంగా ఉన్నందువల్ల కాదు, అన్ని సెకన్ల నీరు ఒకదాని మీద ఒకటి పడినందువల్ల. ఆనాటి పలకలు నీలి వెలుగుకే ఎక్కువగా స్పందించేవి గనుక ఆకాశం మబ్బు లేకుండా తెల్లగా వస్తుంది. ఆ తెలుపు చూసి వేసవి అని నిర్ణయించరాదు.

కాగితాన్ని దగ్గరగా చూసే పద్ధతి ఇది. పది రెట్ల భూతద్దం తీసుకుని, కిటికీ పక్క వెలుతురులో, ఫోటోలో బూడిద రంగున్న చోట, అంటే బండమీద నీడ పడిన చోట, చూడండి. వరుసలు కట్టిన చిన్న చుక్కలు కనిపిస్తే అది పుస్తకంలోనో పత్రికలోనో అచ్చయిన బొమ్మ, అసలు ఫోటో కాదు. చుక్కలు లేకుండా రంగు నునుపుగా మారుతూ, కాగితం పలుచగా ఉండి అట్టకు అంటించి ఉంటే, గోధుమ ఛాయలో పసుపు తేలి ఉంటే, అది 19వ శతాబ్దపు ఆల్బుమెన్ ముద్రణ (గుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద వేసిన ఫోటో) అయ్యే అవకాశం ఎక్కువ. తరువాత వెనక్కి తిప్పండి. పోస్టు కార్డు వెనక నిలువు గీత ఉండి, ఒక పక్క ఉత్తరం, ఒక పక్క చిరునామా రాసే వీలుంటే అది 20వ శతాబ్దపు కార్డు. బ్రిటన్‌లో అటువంటి కార్డును 1902లో అనుమతించారు. వెనక అంతా చిరునామాకే వదిలినది అంతకు ముందరి తరహా. తపాలా ముద్ర తేదీ కార్డు ప్రయాణించిన తేదీయే. ఒకే ఫోటోను ఏళ్ళ తరబడి అచ్చు వేసి అమ్మేవారు.

ఫోటో ఎడమ కుడి తారుమారైందేమో తప్పక చూడాలి. గాజు పలకను తిరగేసి ముద్రిస్తే కపిలతీర్థం గోపురం ధారకు అవతలి పక్కకు పోతుంది. బోర్డుమీద అక్షరాలుంటే వెంటనే తెలుస్తుంది. లేకపోతే ఆడవాళ్ళ పైట ఎటుందో చూడమని కొందరంటారు. అది ఒక్కటే చాలదు. మన పల్లెల్లో కుడిపైట వేసుకునే పెద్దవాళ్ళు నిన్న మొన్నటిదాకా ఉన్నారు. కొండ అంచు గీత, గోపురం స్థానం రెండూ కలిస్తేనే ఫోటోను తిప్పండి.

ఇక కాలం. తెలిసిన తేదీలున్న కట్టడాల జాబితా ఒకటి తయారు చేసుకుని, ఫోటోలో ఏది ఉంది, ఏది లేదు అని గుర్తు పెట్టుకుంటూ పోవాలి. తిరుమల కొండమీదికి మొదటి ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది. కొండ వాలు మీద ఆ రోడ్డు గీత కనిపిస్తే ఫోటో ఆ తరువాతిదే. తిరుమల ఆలయం ఎదుట ఉన్న వేయికాళ్ళ మండపాన్ని 2003లో తొలగించారు. పుష్కరిణి ఫోటోలో అది కనిపిస్తే అంతకు ముందుదే. ఇలా "ఫలానా ఏటి తరువాత, ఫలానా ఏటికి ముందు" అని రెండు పక్కలనుంచి బిగిస్తూ రావాలి. చివరికి మిగిలే వ్యవధి ఇరవై ఏళ్ళున్నా దాన్ని అలాగే రాయండి, మధ్యలో ఒక సంవత్సరాన్ని ఎంచుకోవద్దు. కరెంటు స్తంభాలు, కమ్మీలు, సిమెంటు మెట్లు, పెరిగిన చెట్లు ఆ వ్యవధిని ఇంకా తగ్గిస్తాయి.

ఆరవ అడుగు: పాత పటాన్ని కొత్త నేలమీద పరచడం

క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పాత పటాన్ని ఇప్పటి ఉపగ్రహ చిత్రం మీద కూర్చే ఏర్పాటు ఉంది. రెండింటిలోనూ ఉన్న బిందువులను జతచేస్తూ పోవాలి. పాత గుడి, కొండ శిఖరం, కట్ట రెండు కొసలు, పాత దారుల కూడలి మంచి బిందువులు. నీటి అంచును బిందువుగా ఎప్పుడూ తీసుకోవద్దు. మనం తేల్చదలచినదే అది. కనీసం ఆరు బిందువులు, పటం నాలుగు మూలలకూ వ్యాపించి ఉండాలి. భూమి ఆకారానికి పాత షీట్లు ఎవరెస్ట్ అనే లెక్కను, ఇప్పటి జీపీఎస్ డబ్ల్యూజీఎస్ 84 అనే వేరే లెక్కను వాడతాయి గనుక అక్షాంశ రేఖాంశాల అంకెలను మాత్రమే నమ్మి పరిస్తే మొత్తం పటం పక్కకు జరుగుతుంది. ఆ జరుగుబాటును చెరువు జరిగినట్టు చదివినవారు లేకపోలేదు.

కాగితపు పటానికి, నేటికి మధ్య ఖాళీని ఉపగ్రహాలు పూరిస్తాయి. 1960 నుంచి 1972 దాకా అమెరికా నిఘా ఉపగ్రహాలు తీసిన కరోనా చిత్రాలను 1995లో బయటపెట్టారు. వాటిలో కొన్ని రెండు మీటర్ల వివరాన్ని చూపిస్తాయి. 1972 నుంచి అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాలు ఉన్నాయి. ఉపగ్రహ చిత్రాలు చూపే మన దేశపు వెబ్‌సైటు భువన్ 2009లో మొదలైంది. వీటిలో నెల తెలుస్తుంది కాబట్టి, మొదట చెప్పిన సూత్రం ఇక్కడ తేలిగ్గా అమలవుతుంది: ఏటేటా డిసెంబరు చిత్రాన్ని డిసెంబరు చిత్రంతోనే పోల్చండి. 2021 నవంబరులో రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని ఊళ్ళు ఖాళీ చేయించిన రోజుల చిత్రాలను మామూలు ఏటి చిత్రంతో పోలిస్తే, చెరువు నిండుగా ఉన్నప్పుడు నీరు ఎంతదూరం వస్తుందో, ఆ హద్దులో ఇప్పుడు ఏముందో కంటికి కడుతుంది.

ఏడవ అడుగు: బొమ్మతో నేలమీదికి

ప్రతిని చేత పట్టుకుని అక్కడికి వెళ్ళి, కెమెరా నిలిపిన చోటు వెతకాలి. పద్ధతి ఇది: ఫోటోలో దగ్గరి వస్తువు ఒకటి, దూరపు వస్తువు ఒకటి ఒకే నిలువు వరుసలో ఉన్నవి చూసుకోండి. ఉదాహరణకు మండపం స్తంభం అంచు, దాని వెనక కొండ పగులు. ఆ రెండూ మీ కంటికి మళ్ళీ ఒకే వరుసలోకి వచ్చేదాకా పక్కకు జరగండి. మరో జత దొరికితే ముందుకు వెనక్కు జరిగి దాన్నీ కలపండి. రెండు వరుసలూ కలిసిన చోటే పాత కెమెరా ఉంది. అక్కడినుంచి కొత్త ఫోటో తీసి, తేదీ, సమయం, జీపీఎస్ స్థానం రాసుకోండి. తలకోన శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానం పరిధిలో ఉంది గనుక లోపలి కోనల్లోకి పోవాలంటే అటవీశాఖ అనుమతి ముందే తీసుకోవాలి. వానాకాలంలో పాచిపట్టిన బండమీదికి ఫోటో కోసం ఎక్కవద్దు.

ఊళ్ళో పెద్దవాళ్ళకు బొమ్మ చూపించేటప్పుడు "ఇది ఏ సంవత్సరం?" అని అడిగితే ఉపయోగం లేదు. "పెద్దాయనా, ఈ తూము ఉన్నప్పుడు మీకు పెళ్ళయిందా?" అని అడగండి. "మొరవ అప్పుడు ఈడ లేదబ్బా, ఆ చింతమాను కాడ ఉండె" అన్నట్టి మాట ఒక్కటి వస్తే చాలు, పటంలో వెతకవలసిన చోటు తెలిసిపోతుంది. ఆ మాటను కూడా ఒక సాక్ష్యంగా, చెప్పినవారి సుమారు వయసుతో నమోదు చేయాలి. పటంతో కుదరకపోతే కుదరలేదనే రాయాలి.

ఎనిమిదవ అడుగు: భద్రపరచడం, ప్రకటించడం

ఇళ్ళలోని ఫోటోలను ఆల్బం నుంచి పీకవద్దు. 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల వివరంతో), నాణ్యత తగ్గని టిఫ్ ఫైలు రూపంలో ముందు వెనకలు రెండూ స్కాన్ చేసి అసలును ఆ ఇంట్లోనే ఉంచండి. ప్రతి బొమ్మకూ చోటు, చూసిన లేదా తీసిన కాలం, అచ్చయిన కాలం, ఎవరి దగ్గర ఉంది, కాలాన్ని ఏ ఆధారంతో తేల్చారు అన్న అయిదు వివరాలు ఒకే వరుసలో రాయాలి. ఎడమ కుడి తిప్పినా, మరక తుడిచినా ఆ సంగతీ రాయాలి. తాకని ప్రతిని విడిగా దాచాలి.

ప్రకటించేముందు హక్కుల సంగతి చూసుకోవాలి. 2012 సవరణ తరువాత మన చట్టంలో ఫోటోలకు కూడా తీసినవారి జీవితకాలం, ఆ పైన 60 ఏళ్ళు రక్షణ ఉంది. 19వ శతాబ్దపు చిత్రాలకు ఆ చిక్కు లేదు గాని, వాటి స్కాన్లను ఇచ్చే గ్రంథాలయాలు సొంత షరతులు పెడతాయి, వాటిని చదివి అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. కుటుంబ ఫోటోల్లో ఉన్నవారి పేర్లు ఇంటివారు సమ్మతిస్తేనే వేయాలి. పని ముగిశాక ఒక ప్రతిని ఆ ఊరి పంచాయతీకి, ఇంకొకటి విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి, గ్రామ పటం, ఎఫ్.ఎం.బి. నకళ్ళతో సహా ఇవ్వండి.